సున్నం చుక్క పెట్టిన రాయి

నా చిన్నప్పుడు యాకుత్‌పురాలో మా గల్లీ మలుపు దగ్గర కంట్రోల్ దుకాణం, అదే రేషన్ షాపు, ఉండేది. పదిహేను రోజులకోసారి అక్కడికి కిరోసిన్ పీపాలు వచ్చేవి. మేము దాన్ని గ్యాసునూనె అనేవాళ్లం. పీపాలు వచ్చే రోజు తెల్లవారేసరికే దుకాణం గోడ పొడవునా వరుస తయారయ్యేది. ఆ వరుసలో మనుషులు తక్కువ. డబ్బాలూ రాళ్లూ ఎక్కువ. ఎవరి డబ్బానో, రాయినో గోడవారగా పెట్టి పనులకు పోయేవాళ్లు. దుకాణం తెరిచే వేళకు వచ్చి తమ గుర్తు ఉన్న చోట నిలబడేవాళ్లు. రాయి పెట్టినా డబ్బా పెట్టినా మనిషి నిలబడినట్టే లెక్క. ఒకరి గుర్తును ఇంకొకరు ముట్టేవాళ్లు కాదు.

ఇంట్లో పెద్దపిల్లను కావడంతో నీళ్లకూ నూనెకూ నిలబడటం నా పని. అందుకే నన్ను బడికి పంపలేదు. అక్షరాలు రాకపోయినా ఏ రాయి ఎవరిదో చూడగానే చెప్పగలిగేదాన్ని. విరిగిన ఇటుక కుట్టుమిషను తాతది. పగిలిన నాపరాయి ముక్క బట్టలుతికే ఆమెది. గుండ్రటి నల్లరాయి మీద తెల్లటి సున్నం చుక్క ఉంటే అది గుడాల అక్కది. ఆ చుక్క పెట్టింది మా నాయనమ్మే. ఒకరోజు పాన్ వేసుకుంటూ, తన సున్నం డబ్బీలో వేలు ముంచి, ‘ఇగ నీ రాయి ఎక్కడున్నా నిన్ను గుర్తువడ్తది’ అని నవ్వుతూ పెట్టింది.

గుడాల అక్క పక్క గల్లీలో ఒంటిగది అద్దెకు తీసుకుని ఉండేది. భర్త లేడు, ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రి శనగలు నానబెట్టి, మధ్యాహ్నం ఉడికించి, సాయంత్రం రైలు స్టేషన్ బయట గుడాలు అమ్మేది. గదిలో కట్టెలపొయ్యి పెడితే గోడలు నల్లబడతాయని ఇంటి యజమాని ఒప్పుకోలేదు. ఆమె బతుకంతా ఒక చిన్న నూనె స్టవ్వు మీద నడిచేది. నేను స్టేషన్ వైపు పోతే పిలిచి మరీ గుప్పెడు గుడాలు చేతిలో పోసేది.

ఆ ఏడాదే మా బాపుకు బస్సుల వర్క్‌షాపులో నౌకరీ పర్మినెంట్ అయింది. ఇంటికి కరెంటు వచ్చింది. తర్వాత రేడియో వచ్చింది. నూనెకు రెండో డబ్బా కూడా కొన్నాం, ఎర్ర మూతది. అంతకుముందు మేమూ రాయే పెట్టేవాళ్లం. కొత్త డబ్బా పెట్టిన మొదటిరోజు నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ గర్వంలో డబ్బా పెట్టేవాళ్లు వేరు, రాళ్లు పెట్టేవాళ్లు వేరు అన్న ఆలోచన ఎప్పుడు దూరిందో నాకే తెలియదు.

ఒక వానాకాలం పొద్దున నేను ఆలస్యంగా లేచాను. వెళ్లేసరికి వరుస చాలా దూరం పోయింది. నా మనసంతా ఇంట్లో రేడియో మీదే ఉంది. అటూ ఇటూ చూశాను. ముందు నుంచి ఆరో చోట సున్నం చుక్క కనిపించింది. రాయే కదా అనుకున్నాను. కాలితో పక్కనున్న చెత్తలోకి తోసి, అక్కడ మా ఎర్ర మూత డబ్బా పెట్టాను. ఎవరి రాయో తెలియదని ఈనాటికీ చెప్పుకోలేను. తెలిసే చేశాను.

దుకాణం తెరిచేముందు గుడాల అక్క గబగబా వచ్చింది. తన చోట నన్ను చూసి ఆగిపోయింది.

“బిడ్డా, నా రాయి చూసినవా? గీడనే పెట్టిపోయిన గదా.”

“లేదక్కా,” అన్నాను.

“ఏ పోరగాండ్లు తన్నిన్రో ఏమో. పోనీ తియ్, ఫికర్ లేదు. ఎనుక నిలవడ్త.”

నా మీద ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. చివరికి వెళ్లి నిలబడింది. నా డబ్బా నిండింది. ఆమె ముందు ఇంకా నలుగురు ఉండగానే దుకాణదారు పీపా వంచి చూపించి, “ఖతమ్! ఇగ పొండ్రి, మళ్ల పదిహేను రోజులకే,” అన్నాడు. అక్క ఖాళీ డబ్బాను చీర కొంగుతో తుడుచుకుంటూ వెళ్లిపోయింది. రాయి ఎవరికైనా కనబడుతుందని భయమేసి, లంగా కుచ్చిళ్లలో దాచి ఇంటికి తెచ్చి, పెరట్లో బట్టలుతికే బండ వెనక పెట్టాను. ఆ రోజు రేడియోలో ఏం వచ్చిందో ఒక్క ముక్క గుర్తులేదు.

మరునాడు గుడాలు తేవడానికి పోయిన నాయనమ్మ స్టేషన్ నుంచి ఉత్తచేతులతో వచ్చింది. ఉడికించడానికి నూనె లేక నానిన శనగలు పులిసిపోతే అక్క మోరీ కాలవలో పారబోసిందట. పిల్లలకు పక్కింటివాళ్లు గంజి ఇచ్చారట. అలా చెబుతూనే కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. అక్కడి నుంచే నన్ను పిలిచింది.

“ఏమే, దీనికి కాళ్లు మొలిచినయా? మన ఇంటికెట్ల నడిచొచ్చింది?”

ఆమె అరచేతిలో రాయి. వానకు సగం కరిగినా సున్నం చుక్క కనిపిస్తూనే ఉంది. నేను తల ఎత్తలేదు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బండ మీద కూర్చుని, అలసిపోయినట్టు మాట్లాడింది.

“రాయి ఎవరు పెడ్తరే? ఒక్కటే డబ్బా ఉన్నోళ్లు. గదెవడన్న ఎత్కపోతే ఇంకోటి కొనలేనోళ్లు. నిన్నమొన్నటి దాంక మనం గట్లనే ఉంటిమి. నీ బాపుకు నౌకరీ గట్టిపడ్డది, మస్తు సంతోషం. ఇంటికి కరెంటు బుగ్గ వచ్చె, రెండో డబ్బా వచ్చె. ఆ డబ్బాతోని ముందుగాల నిలవడి, నూనె కోసమే బతికేటిదాన్ని ఎనుకకు నూకితివి. మనకు మంచిరోజులు గిందుకేనా వచ్చినయి?”

తర్వాత మా నిండు డబ్బా నా చేతికిచ్చి నడవమంది. అక్క గదిలో స్టవ్వు మూలన బోర్లించి ఉంది. “వద్దవ్వా, మీకు గావద్దా?” అంది అక్క. “మా ఇంట్ల కరెంటు బుగ్గ ఉన్నది, పెరట్ల పొయ్యి ఉన్నది,” అంటూ నాయనమ్మ చివరి చుక్క దాకా ఒంపించింది. రాయిని గడప పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. చెప్పాల్సింది నేనే. నేను ఖాళీ డబ్బాకు ఎర్ర మూత బిగిస్తూ ఉండిపోయాను. అక్క నా తల నిమిరి, “గింత బరువు మోసుకొస్తివా బిడ్డా,” అంది.

తర్వాతిసారి పీపాలు వచ్చినప్పుడు నాయనమ్మ స్వయంగా దుకాణానికి వచ్చి, ముందు రాళ్లు, తర్వాత డబ్బాలు అని పట్టుబట్టింది. మా గల్లీలో కోస్తా నుంచి వచ్చిన ఒక ఆఫీసరు గారి భార్య ఒప్పుకోలేదు. “ఇదేం న్యాయమండీ? నేను చీకట్లోనే వచ్చి పెట్టాను. మరి మీ మనవరాలి డబ్బా సంగతేంటి?” అంది. “గా డబ్బా అందరికంటె ఎనుక,” అంది నాయనమ్మ. లొల్లి లొల్లి అయింది కానీ దుకాణదారు ఆ మాటే నిలబెట్టాడు. ఆ రోజు నా దాకా నూనె రాలేదు. ఖాళీ డబ్బాతో ఇంటికి వస్తుంటే, విచిత్రంగా, నాకు కొంచెం తేలిగ్గా అనిపించింది. ఆ పద్ధతి కొన్ని నెలలు నడిచింది. నాయనమ్మ మంచాన పడ్డాక నెమ్మదిగా డబ్బాలే మళ్లీ ముందుకు వచ్చాయి.

గుడాల అక్క మాత్రం స్టేషన్ దగ్గర అందరికీ చెప్పేది, ఈ బిడ్డే నాకు నూనె మోసుకొచ్చి ఇచ్చిందని. గుప్పెడు కాస్తా రెండు గుప్పెళ్లయింది. తర్వాత నేను ఆ దారిన పోవడమే మానుకున్నాను. కొన్నాళ్లకు ఆమె పిల్లలతో చాంద్రాయణగుట్ట వైపు వెళ్లిపోయిందని విన్నాను.

యాభై దాటాక బస్తీలో ఆడవాళ్లకు చదువు చెబుతుంటే నేనూ చేరాను. ఒకరోజు టీచరమ్మ, మీ మనసులో ఉన్న మాట ఒకటి సొంతంగా రాయండి అంది. మిగతావాళ్లు పిల్లల పేర్లు, దేవుళ్ల పేర్లు రాశారు. నేను చాలాసేపు పలక పట్టుకుని కూర్చుని, “అక్కా, నీ రాయి నేనే తీసిన” అని రాశాను. టీచరమ్మకు ఏమీ అర్థం కాలేదు.

ఇప్పటికీ ఏ వరుసలో నిలబడినా నా కళ్లు ముందుకు పోవు. వెనక చివర ఎవరున్నారో, ఏం చేతపట్టుకుని నిలబడ్డారో చూస్తాను. నేను ముందుకు ఎలా వచ్చానో నన్ను నేను అడుగుతాను. పలక మీద రాసిన ఆ మాట చదవాల్సిన మనిషికి చదువు రాదు. నేనే ఆమె ముందు కూర్చుని చదివి వినిపించాలి. కానీ ఆమె నా తల నిమిరిన రోజున ఆ మాట చెప్పడానికి నాకు అక్షరాలు అక్కరలేదు. నోరు ఉంటే సరిపోయేది.