కొయ్యచేపకు మూతి వంచిన రోజు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు వానాకాలంలో నేను నిజామాబాదులో ప్లాస్టిక్ షీట్లతో బోర్డులు చేసే ఒక దుకాణంలో, షీట్లు వేడిచేసి వంచే బెండింగ్ మిస్త్రీగా ఉన్నాను. లెక్కల సారుకూ నాకూ పడక ఏడో తరగతిలోనే బడి మానేశాను కాబట్టి, కోణాలన్నీ ప్లాస్టిక్కే నేర్పింది. నా పక్క బల్ల మీద కోత మిస్త్రీ గంగారాం. అతనికి ఉబ్బసం. నోరు మాత్రం గట్టిది; నేనొకటంటే రెండు తిరిగిచ్చేవాడు.

ఆ రోజు బోధన్ దగ్గరి ఆంధ్రా రైతు ఒకాయన తాను చెక్కిన కొయ్యచేపను తెచ్చాడు. కొర్రమట్ట చేపలకు వేసే బొమ్మ ఎర అది. గదవ కింద మూతిలా గోరంత ప్లాస్టిక్ రేకు వంచి బిగిస్తే, దారం లాగినప్పుడు బొమ్మ నీటిలోకి మునుగుతుంది. అందుకు ప్లాస్టిక్ షీటు ముక్కా ఆయనే తెచ్చాడు.

"ఇంట్లో పడుందండీ మిస్త్రీ గారూ, అద్దంలా ఉంది. పనికొస్తుందా?"

"మూతే గాదు సారు, మీసాలు సుత పెడ్తం" అన్నాను.

"ముందుగాల నీ మూతి సక్కగ వెట్టుకో" అన్నాడు గంగారాం. ఆ రైతు నవ్వుకుంటూ చాయ్‌కి వెళ్లాడు.

కొత్త షీటు మీద అంటించిన కాగితం రకం చెబుతుంది. కాగితం లేకపోతే, ఎర్రగా కాల్చిన రాగితీగను ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అది పీవీసీ, వేడి చేయకూడదు; మాడితే విషపు పొగ వస్తుంది. ఇదంతా తెలుసు. కానీ ఇన్నేళ్ల మిస్త్రీని, పరీక్ష చేస్తుండగా గిరాకీ తిరిగొచ్చి చూస్తే చిన్నతనమనిపించింది.

వంచే బల్ల మధ్యలో ఎర్రగా కాగే తీగ ఉంటుంది. గాలి తగిలితే షీటు ఒక పక్క చల్లబడి మెలిక పడుతుంది. అందుకని ఫ్యాను ఆపి, షట్టరు దించాం. ముక్క ఇంకా మెత్తబడలేదని తీగ మీదే ఉంచాను. అంచు గోధుమరంగుకు తిరిగింది. బాత్రూం కడిగే యాసిడ్ లాంటి ఘాటు గొంతులోకి దిగింది.

"గంగన్నా, చేప మాడుతున్నది, ఉల్లిగడ్డ కొయ్యి" అన్నాను.

జవాబు రాలేదు. మళ్లీ పిలిచాను. లేదు. ఆ మనిషి మాట బాకీ పెట్టడం నేనెన్నడూ చూడలేదు. వెనక్కి తిరిగితే, బల్లను రెండు చేతులా పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు; గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నీలం తిరిగాయి. స్విచ్చి ఆపి షట్టరు ఎత్తితే మోకాలి దాకా లేచి ఇరుక్కుంది. అతన్ని చంకల కింద పట్టి ఆ సందులోంచి ఈడ్చాను.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, డాక్టరమ్మ ఏం పీల్చాడని అడిగింది. నాకు తెలియదు. ఆటోలో వెనక్కి వచ్చి దుకాణం వాకిట్లో రాగితీగ కాల్చి, ఆ ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా లేచింది. పీవీసీ అని డాక్టరమ్మకు ఫోనులో చెప్పాను.

రెండు రోజులు అతని ఒక్కొక్క ఊపిరీ వింటూ కూర్చున్నాను. మూడోనాడు ముక్కు మీది మాస్కు తప్పించి, "నువ్వు మాట్లాడకు, గాలి ఖరాబైతది" అన్నాడు.

పని మానేసే దాకా మళ్లీ షట్టరు దించి తీగ వెలిగించలేదు. గాలికి మెలిక పడ్డ ముక్కలు పారేశాను. "ఇదేం ప్లాస్టిక్కో నాకు తెల్వదు, జర ఆగుండ్రి" అని గిరాకీ ముఖాన చెప్పడం మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.