గడియ పెట్టుకుని చేసిన ఎక్సర్‌సైజు

పోయిన వేసవిలో బాపట్లలో మా మేనత్త మనవడి పెళ్ళికి వెళ్ళాను. అక్షింతలు వేసి వేదిక దిగుతున్నాను. మూడే మెట్లు. రెండో మెట్టు మీద కుడికాలు ఆనిందనుకుని బరువు వేశాను. ఆనలేదు. ముందుకు తూలి మోకాళ్ళ మీద పడ్డాను.

లేపడానికి వచ్చినవాళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి, "ఉంగరం జారింది, చూస్తున్నాను" అన్నాను. పాపం, పెళ్ళివారు నలుగురు కుర్చీల కిందకు వంగి వెతికారు. ఉంగరం నా వేలికే ఉంది. ఆ చేతిని కండువాలో దాచుకున్నాను.

నాకు డెబ్బై రెండేళ్ళు. రేపల్లె దగ్గర మా ఊళ్ళో ఒకప్పుడు మా తాతగారి మాటకు ఎదురు లేదు. తరవాత పొలాలు ఒక్కొక్కటే చేతులు మారాయి. ఆ దస్తావేజులు రిజిస్టరైన ఆఫీసులోనే నేను గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మాకు మిగిలింది నిటారుగా కూర్చోవడం, నిటారుగా నడవడం. మా ఇంట మగవాళ్ళు కుర్చీలో కూడా వెనక్కి ఆనుకునేవారు కాదు. పడ్డానని ఎవరికి చెప్పుకోను?

తెనాలిలో మేడ మీద అద్దె పోర్షన్‌లో నేనూ మా అక్కయ్యా ఉంటాం. నా భార్య పోయి ఆరేళ్ళయింది. అక్కయ్యకు డెబ్బై ఎనిమిది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటికి గ్లకోమా చుక్కలు వేయాలి. ఆ చుక్కలు వేసేది నేను, మెట్లు దింపేది నేను. నాకేమైనా అయితే ఆవిడ ఎవరి దయ మీద బతకాలి? పెళ్ళి నుంచి వచ్చాక ఈ ఒక్క ప్రశ్న నన్ను వదల్లేదు. బజారుకు వెళ్ళడం తగ్గించాను. తరవాత మానేశాను. ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడిచేవాణ్ణి, అక్కయ్యకు కనపడని కంటి వైపు నుంచి.

రెండు నెలలకు బాత్‌రూంలో మళ్ళీ పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ఎక్స్‌రే చూసి డాక్టరు అడిగారు.

"ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా?"

"లేదండి."

"బాపట్లలో పడ్డాడండి" అంది పక్కనున్న అక్కయ్య. "పంచెకు మోకాళ్ళ దగ్గర తివాచీ రంగు అంటుకుని వచ్చింది. ఉతికింది నేనే."

నేను తల తిప్పుకున్నాను. డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడితే పడిపోతోందని బీపీ మాత్ర డోసు తగ్గించారు. విటమిన్ డి తక్కువ. డెక్సా స్కాన్‌లో ఆస్టియోపీనియా అన్నారు, అంటే ఎముక కాస్త పల్చబడిందట. ఆఖర్న కుర్చీ చూపించి, "చేతులు ఆనించకుండా లేవండి" అన్నారు. లేవలేకపోయాను. రెండోసారీ లేవలేకపోయాను. అప్పుడు పట్టిన చెమట నాకింకా గుర్తే.

"పడతానని భయపడి నడక మానేశారు. మానేసరికి తొడల్లో కండ తగ్గింది. ఇలాగే ఉంటే మళ్ళీ పడతారు, ఈసారి తుంటి విరగొచ్చు" అన్నారాయన. "దీనికి మాత్ర లేదండి. బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులే మందు."

కట్టు విప్పాక ఒక ఫిజియోథెరపీ సెంటరుకు పంపారు. వారానికి రెండు రోజులు పొద్దున్నే పదిమంది పెద్దవాళ్ళు వస్తారు. నేర్పేది పక్క ఊరు అంగలకుదురు నుంచి వచ్చే అమ్మాయి.

"తాతగారూ, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి లేవండి, మళ్ళీ కూర్చోండి. పదిసార్లు."

"వీటిని గుంజీలంటారమ్మా" అన్నాను.

"అవునండి, చిన్నప్పుడు మనం ఎగ్గొట్టినవి ఈ పాప ఇప్పుడు తీయిస్తోంది" అన్నారు పక్క కుర్చీలో మస్తాన్ గారు. ఆయన టైలరు పని చేసి మానుకున్న మనిషి.

"మా ఇంట గుంజీలు తీయించినవాళ్ళే గానీ తీసినవాళ్ళు లేరు."

"అయితే మీరే మొదటివారు, కానివ్వండి బాబుగారూ!"

అందరూ నవ్వారు. ఎక్సర్‌సైజుల బొమ్మలున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

ఇంట్లోనే చేద్దామనుకున్నాను. కింద ఉండే ఓనరు గారి భార్య మా ఇంట్లోకి వస్తూ పోతూ ఉంటుంది. ఆవిడ చూడకూడదని గదికి లోపల గడియ పెట్టుకునేవాణ్ణి. తొమ్మిది రోజులు బాగానే జరిగింది. పదో రోజు ప్లాస్టిక్ కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాను. కుర్చీ జరిగింది. ఎడమ తుంటి మీద పడ్డాను.

"తమ్ముడూ, ఏంట్రా ఆ చప్పుడు?"

"ఏం లేదు."

"గడియ తియ్యి."

ప్రయత్నించాను. కాలు కదిపితే ప్రాణం పోయినట్టుంది. నేల మీద నుంచి గడియ కొండంత ఎత్తులో ఉంది.

"ఓనరు గార్ని పిలవనా?"

"ఎవర్నీ పిలవకు!"

అక్కయ్య పిలవలేదు. ఆవిడా ఆ ఇంటి ఆడపడుచే కదా. తలుపుకు అటు ఆవిడ, ఇటు నేను, నలుగురికీ తెలియకూడదని గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ గంటసేపు ఉండిపోయాం. మధ్యమధ్యన "పలుకురా" అనేది. ఒళ్ళు వణికి నా గొంతు సన్నబడింది. అప్పుడు ఆవిడ మాట ఆగిపోయింది. వీధి తలుపు తీసిన చప్పుడు వినిపించింది.

పద్దెనిమిది మెట్లు. రెండేళ్ళుగా నా చెయ్యి లేకుండా ఆవిడ ఒక్క మెట్టు దిగలేదు. "అక్కయ్యా, వద్దు! అక్కడే నిలబడి పిలువు, ఎవరైనా వస్తారు!" అని కేకపెట్టాను. వినలేదో, విననట్టే వెళ్ళిందో. చెప్పు చప్పుడు ఒకటి. ఆగింది. మరొకటి. నేను లెక్కపెడుతున్నాను. పదకొండు తరవాత ఏమీ వినపడలేదు. నా జీవితంలో అంత భయం నేనెప్పుడూ పడలేదు. అప్పుడు కింద నుంచి ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది, "అమ్మాయ్, మా తమ్ముడు పడిపోయాడు, ఎవరైనా రండి!" అని.

ఓనరు గారు తలుపు పక్కనున్న కిటికీలోంచి చెయ్యి పెట్టి, అక్కయ్య చేతికి అందని గడియ తీశారు. ఎక్స్‌రేలో తుంటి విరగలేదు, కమిలింది. "అదృష్టవంతులు. ఒంటరిగా తలుపేసుకుని చేయమని ఎవరు చెప్పారు?" అన్నారు డాక్టరు.

మూడు వారాలకు సెంటరుకు వెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. మస్తాన్ గారు చూసి, "రండి బాబుగారూ, మీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు" అన్నారు. ఆ రోజు నాలుగు గుంజీలు తీశాను. ఎవరూ నవ్వలేదు, లేదా నవ్వితే నేను చూడలేదు.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయి నేల మీద నుంచి లేవడం నేర్పింది. పక్కకు దొర్లాలి, మోకాళ్ళూ చేతుల మీదకు రావాలి, గోడకు ఆనించిన బరువైన కుర్చీని పట్టుకుని ఒక పాదం ముందుకు వేసి లేవాలి. పదిమందిలో అలా పాకడం నాకు చాలా కష్టమైంది. రెండోసారి కళ్ళు తిరిగాయి, డాక్టరు వారం ఆపమని బీపీ మాత్ర మళ్ళీ మార్చారు. ఐదో వారానికి లేచాను.

మళ్ళీ సెంటరుకు వెళ్ళడం మొదలుపెట్టి ఇప్పటికి ఎనిమిది నెలలు. భయం పోయిందని అబద్ధం చెప్పను. మెట్ల పైన నిలబడితే గుండె ఇంకా దడదడలాడుతుంది. అయినా నెలకోసారి అక్కయ్యను కంటి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. నేను ఒక మెట్టు కింద, ఆవిడ ఒక మెట్టు పైన.

నా ఈడువాళ్ళకు ఒక్కటే చెబుతాను. పడేదాకా ఆగకండి. తెలిసినవాళ్ళను పక్కన ఉంచుకుని నేల మీద నుంచి లేవడం ముందే నేర్చుకోండి. ఆ రోజు నాకు అది వచ్చి ఉంటే, అక్కయ్య ఆ మెట్లు దిగాల్సిన పని ఉండేది కాదు.