వేడి సూది

1998 ఏప్రిల్‌లో నన్ను మేడ్చల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె రోగుల గదికి ఈసీజీ టెక్నీషియన్‌గా వేశారు. గీతలు తీసి డాక్టరు చేతికివ్వడం వరకే మా పని. ఆ గది తలుపుకు గొళ్లెం లేదు. బంధువులకు కోపం వస్తుందని యజమాని పెట్టించలేదు. పదో తరగతితో ఆగిన నేను గుండె గురించి నేర్చుకున్నదంతా ఆ గది చూసే డాక్టరమ్మ మాటలు విని, ఆమె ఇచ్చిన పాత పుస్తకాలు చదివి నేర్చుకున్నదే.

ఆ వేసవిలో అత్వెల్లి నుంచి యాదయ్య అనే రైతును తెచ్చారు. గుండె రక్తనాళంలో గడ్డ. డాక్టరమ్మ గడ్డ కరిగించే మందు ఎక్కించింది. మధ్యాహ్నానికి కాగితం మీద పైకి లేచిన గీత దిగసాగింది. రక్తం మళ్లీ పారుతోందన్నమాట.

"ఇగ భయం లేదా, అన్నా?" అని అతని భార్య పోశమ్మ నన్నడిగింది. డాక్టరమ్మే జవాబు చెప్పింది, అసలు భయం ఇప్పుడేనని.

తర్వాత నాకు విడమరిచింది. గుండె కణంలోకి కాల్షియం వస్తే కండ బిగుస్తుంది, తోడేస్తే వదులవుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇదే పని. తోడడానికి శక్తి కావాలి. రక్తం ఆగితే ఆ శక్తి పోయి, కణంలో సోడియం పేరుకుంటుంది. రక్తం తిరిగి రాగానే కణం ఆ సోడియాన్ని బయటికి నెట్టి, బదులుగా కాల్షియాన్ని లోపలికి లాక్కుంటుంది. అది మించితే బిగిసిన కండ వదలదు, గుండె లయ తప్పుతుంది.

ఆమె కింది అంతస్తుకు వెళ్లగానే పోశమ్మ తమ్ముడు సత్తయ్య వచ్చాడు. ఊళ్లో ఆరెంపీ, డిగ్రీ లేని వైద్యుడు. మా వైపు నీరసమన్న ప్రతివాడికీ నరానికి కాల్షియం ఎక్కిస్తారు. ఒళ్లంతా వేడి పాకుతుంది. దాన్నే వేడి సూది అంటారు, ఆ వేడే బలమనుకుంటారు.

సత్తయ్య రోగి పాదాలు ముట్టుకుని చూశాడు. "బావ కాళ్లు సల్లగైనయ్. ఈళ్లు సూస్తలేరా ఏంది?" అంటూ సంచిలోంచి కాల్షియం నింపిన సిరంజి తీశాడు.

"ఆగు సత్తన్నా, అది కాల్షియం. డాక్టరమ్మను రానియ్యి," అని నర్సును కేకేశాను.

"గీతలు దీసేటోనివి, నాకు జెప్తవా?"

అడ్డం వెళితే పోశమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఎయ్యనియ్యి అన్నా. ఊరందరికీ మా తమ్ముడే ఏస్తడు."

నర్సు వచ్చేసరికి సిరంజి ఖాళీ. "ఎచ్చగైతాంది," అన్నాడు యాదయ్య, తృప్తిగా. అంతలోనే గీత చెదిరిపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి షాక్ ఇచ్చింది, ఛాతీ నొక్కింది. ఆ గుండె మళ్లీ పట్టాలెక్కలేదు.

సూదే చంపిందని ఒట్టేసి చెప్పలేనని, అలాంటి గుండె దానంతటదే ఆగిపోయినా ఆగిపోవచ్చని డాక్టరమ్మ నాతో నిజాయితీగానే అంది. బయట ఆ నిజాయితీ ఎవరికి కావాలి? ఆసుపత్రి మందు గుండెను కాల్చిందన్నారు. "మా తమ్ముడే ఆఖరికి జర ఎచ్చజేసిండు," అని పోశమ్మ అందరి ముందూ చెప్పింది. నేను పోలీసు స్టేషన్‌కు వెళితే, ఇంటోళ్లకు లేని బాధ నీకేందని పంపేశారు. డాక్టరమ్మ ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు పనిమీద అత్వెల్లి వెళ్లాను. సత్తయ్య దవాఖాన బయట జనం. లోపలి నుంచి పోశమ్మ మోచేతి మడతలో దూది అదుముకుంటూ వచ్చింది. "జర నీరసముంటే సూది ఏయించుకున్న, అన్నా," అంది.

ఆగిన రక్తాన్ని తిరిగి పారించే మందు ఉంది. ఆ తర్వాతి గంటల్లో గుండెను కాపాడాలంటే తలుపుకు గొళ్లెం కూడా కావాలి. రిటైరయ్యేదాకా అడిగాను. పెట్టలేదు.