రెండు నుంచి నాలుగు దాకా

మా లిలువా రైల్వే కాలనీలో మధ్యాహ్నం రెండు గంటలకి మెలకువగా ఉండే మనిషి అరుదు. అన్నం తిన్నాక వచ్చే ఆ నిద్రకి బెంగాలీలో ఒక పేరు కూడా ఉంది, భాత్‌ఘూమ్ అంటారు. మందుల షాపు వాళ్ళు షట్టరు దించేస్తారు. టోటోలనే బ్యాటరీ రిక్షాల వాళ్ళు వెనక సీట్లో పడుకుని కాళ్ళు బయటికి చాపుతారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన మా తెలుగు కుటుంబాలు ఇక్కడి చేపల కూరకి ఈనాటికీ వంకలు పెడతాయి గానీ, ఈ నిద్రని మాత్రం ఏ పేచీ లేకుండా నేర్చుకున్నాయి.

నేను రాసిన లా ప్రవేశ పరీక్ష సరిగ్గా ఆ వేళకే జరుగుతుంది, రెండు నుంచి నాలుగు దాకా. నేను చేసిన తప్పు కూడా ఆ రెండు గంటలతోనే.

ఎదురు క్వార్టర్లో నా ఈడు అమ్మాయి ఉండేది. ఒకే బడి, ఒకే సండే స్కూలు. పన్నెండో తరగతి అయ్యాక ఇద్దరం ఒకే పొద్దుటి కాలేజీలో బి.ఏ.లో చేరాం. పదకొండుకల్లా ఇంటికొచ్చేసేవాళ్ళం. ఆమె చేపల బజారులో బెంగాలీలో, టీటీతో హిందీలో, ఇంట్లో తెలుగులో వాదించి గెలిచేది. "ఇది లాయరే" అని ఆమె ఆరో తరగతిలో ఉన్నప్పుడే చర్చి పెద్దలు తేల్చేశారు. నన్ను చూసి "బుద్ధిమంతురాలు" అనేవారు. నోరు విప్పని ఆడపిల్ల గురించి చెప్పడానికి వాళ్ళకి ఇంకేమీ తోచేది కాదు.

లా చదవాలని నాకూ ఉండేది. పదో తరగతిలో ఉండగా నాన్నకి హాజరు విషయమై సంజాయిషీ అడుగుతూ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. జవాబు నేను రాశాను. నాలుగు పేరాలు. ఏ రోజు ఎందుకు ఆలస్యమైందో, దానికి రుజువేమిటో వరసగా పెట్టాను. ఆఫీసరు చదివి సరేనన్నాడు. ఎవరు రాశారని అడిగితే "తెలిసినాయన ఒకరు సార్" అన్నాడట నాన్న. ఆ మాట విని బాధపడ్డాను గానీ, ఆ నాలుగు పేరాలు రాస్తున్నప్పుడు కలిగిన ధైర్యం ఇంకెప్పుడూ కలగలేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. కాలేజీలో చేరాక, లా పరీక్ష రాస్తానని నాన్నని అడిగాను. "ఒక్కసారి రాసుకో. రాకపోతే బి.ఏ. చేసి రైల్వే పరీక్షలు రాయాలి" అన్నాడు. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పొద్దని నేనే బతిమాలాను. నేను లాయరునవుతానంటే ఎవరైనా నవ్వుతారు.

ఎదురింటి అమ్మాయికి అలాంటి భయాలేమీ లేవు. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పడం అయ్యాక మా పాస్టరు అయ్యగారు ప్రార్థన అవసరతలు చదువుతారు. ఎవరికి జ్వరం, ఎవరికి బదిలీ, ఎవరికి ఆపరేషను. ఆ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి ఆ జాబితాలో ప్రతి వారమూ ఆమె ఉండేది. "మన చిన్న సహోదరి లా పరీక్షకి సిద్ధపడుతోంది. ప్రభువు జ్ఞానం దయచేయునట్లు" అనేవారు. చర్చి అంతా ఆమేన్ అనేది. నేనూ అనేదాన్ని. జ్వరాలకీ ఆపరేషన్లకీ మనస్ఫూర్తిగా అనేదాన్ని. ఆ ఒక్క అవసరత దగ్గర మాత్రం దేవుడు కాస్త పరధ్యానంగా ఉంటే బాగుండుననిపించేది. గుమ్మం దగ్గరున్న పెట్టెలో చీటీ వేస్తే నాకోసమూ చదివేవారు. కానీ చదవగానే అందరూ తలతిప్పి నన్ను చూస్తారు కదా.

ఆమెకి గంగ అవతల కలకత్తాలో కోచింగు. సాయంత్రాలు వాళ్ళ నాన్న హౌరా దాకా వెళ్ళి తీసుకొచ్చేవాడు. నిగనిగలాడే అట్టలున్న పుస్తకాల దొంతర, కిటికీ పక్కన సొంత బల్ల, బల్ల మీద వంగి చూసే దీపం. మా ఇంట్లో నేను మంచం మీద కూర్చుని, రొట్టెలు చేసే పీటని ఒళ్ళో పెట్టుకుని రాసేదాన్ని. ఆ దీపం వెలిగిందంటే నాకు ఇక్కడ పేజీ కదిలేది కాదు.

నాకున్నదల్లా నా డైరీ. అందులో నేను వేసుకున్న టైంటేబులు. ఉదయం ఐదుకి నిన్నటి పేపర్లో సంపాదకీయాలు రెండు, ఒక్కొక్కదానికి మూడు వాక్యాల్లో సారం. కాలేజీ నుంచి వచ్చాక న్యాయం మీద పేరాలు: ముందు సూత్రం, తర్వాత సంగతి, మన సొంత అభిప్రాయం జోలికి పోకుండా ఇచ్చిన సూత్రంతోనే తేల్చాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అమ్మ అలారం గడియారం పెట్టుకుని పూర్తి పేపరు, నిమిషానికో ప్రశ్న. సాయంత్రం తప్పుల పుస్తకం: తప్పు ఏదో కాదు, ఎందుకు చేశానో రాయాలి. తొందరా, తెలియకా, కునుకా. కునుకు అని రాసినవి మొదట్లో సగం ఉండేవి. ఒంటిని ఆ వేళకి అలవాటు చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. నేను సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం ఇదొక్కటే.

డైరీ తెలుగులో రాసేదాన్ని. అమ్మ బైబిలుతో నేర్పిన అక్షరాలు అవి. కాలనీలో నా ఈడు వాళ్ళెవరికీ తెలుగు చదవడం రాదు. అందుకే డైరీకి తాళం అక్కర్లేకపోయింది.

దరఖాస్తు నింపడానికి వెళ్ళిన సైబర్ షాపులో ఎదురింటి అమ్మాయికి దొరికిపోయాను.

"అరే, నువ్వూనా! చెప్పలేదేంటే దొంగా?"

"ఊరికే రాస్తున్నాను. ఎవరికీ చెప్పకు."

"చెప్పను, ప్రామిస్. కానీ నీ టైంటేబులు నాకివ్వాలి. చిన్నప్పటి నుంచి నీకు గీతలు గీసి గడులు కట్టడం పిచ్చి కదా. సార్‌ని అడిగితే ఎవరిది వాళ్ళే వేసుకోండి అంటాడు. నేను వేసుకుంటే మూడు రోజులు కూడా నిలవదే."

నా డైరీ తెరిచి చూసి ముఖం చిట్లించింది. "ధుర్, ఇవన్నీ జిలేబీలు. ఇంగ్లిషులో రాసివ్వు."

ఆ రాత్రి రాసిచ్చాను. సంపాదకీయాలు రాశాను, సూత్రం సంగతి రాశాను, తప్పుల పుస్తకం ఎలా పెట్టాలో కూడా రాశాను. రెండు నుంచి నాలుగు గడి దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఆ దీపం వెలుగుతోంది. ఆ గడిలో "విశ్రాంతి" అని రాశాను. పైగా చాలా అందంగా రాశాను.

ఆమె దాన్ని బల్ల ముందు గోడకి అంటించింది. నేను అనుకోనిదేమిటంటే, అచ్చంగా పాటించింది. రెండు కొట్టేసరికి వాళ్ళ కిటికీ తెర పడేది. నేను పీట ఒళ్ళో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు చల్లుకుని, ఆ తెర వైపు చూస్తూ పేపరు మొదలుపెట్టేదాన్ని. అంత ఉత్సాహంగా నేనెప్పుడూ చదవలేదు.

దుర్గాపూజ పందిళ్ళకి వెదుళ్ళు దింపే రోజుల్లో ఒకసారి కాలేజీ నుంచి వస్తూ అంది: "సాయంత్రం టెస్టుల్లో బాగానే వస్తున్నాయే. ఆదివారం మధ్యాహ్నం పెద్ద పరీక్ష పెడతారు చూడు, అందులో కళ్ళు మూతలు పడిపోతాయి. చదివిన లైనే చదువుతా."

"ఆదివారం చర్చి నుంచి పరిగెత్తుకు వెళ్తావు కదా, అలసట" అన్నాను.

"అదే అయ్యుంటుంది" అని నమ్మేసింది. నేను చెప్పింది నమ్మడం ఆమెకి అంత తేలిక. దాని మీద కూడా నాకు అసూయే.

పూజలయ్యాక ఒక రోజు సంపాదకీయాలు సరిచూసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె స్నానానికి వెళ్ళింది. నేను వంటింట్లో మంచినీళ్ళు తాగి వచ్చేసరికి, మంచం మీద పెట్టిన నా డైరీ వాళ్ళ నాయనమ్మ చేతిలో ఉంది. కాలనీ అంతా ఆమెని మామ్మ అనే పిలుస్తాం. కళ్ళజోడు పెట్టుకుని, బైబిలు చదివినట్టు వేలు జరుపుతూ కూడబలుక్కుంటోంది.

"ఈ ఇంట్లో నా బైబిల్లో తప్ప తెలుగు అచ్చరం కనపడదు. నీ చేతిరాత బాగుందే." వేలు జరిగింది. "మద్దేన్నం... రెండు నుంచి నాలుగు... పూర్తి పేపరు." ఆగింది. "పేపరంటే ఏటమ్మా?"

"పరీక్ష పేపరు మామ్మగారూ."

"అసలు పరీచ్చ ఏ ఏళకి?"

"రెండింటికి."

మామ్మ గోడ మీది కాగితం వైపు చూసింది. ఆమెకి ఇంగ్లిషు రాదు. కానీ ఆ గడిలో ఏముందో ఆమెకి తెలుసు. మనవరాలిని నాలుగింటికి లేపే పని ఆమెదే.

"మరి మా పిల్లకి నిద్దర రాసిచ్చావేటి?"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"కుళ్ళా?" అంది, చిన్నగా.

తలూపాను.

మామ్మ డైరీ మూసి నా చేతిలో పెట్టింది. "రేపు రెండింటికి రా. దాన్ని నువ్వే లేపు, నా మాటినదు. పరీచ్చ దాకా రోజూ రావాలి. ఒక్క రోజు మానేసావంటే అప్పుడు సెప్తాను దానికి."

మర్నాడు వెళ్ళాను. దుప్పటి లాగాను.

"ధుర్, పోవే! నువ్వే కదా పడుకోమని రాశావు!"

"అది వానాకాలానికి. ఇప్పుడు మార్చాను. లే, పరీక్ష ఈ టైముకే."

"ముందే చెప్పి చావొచ్చు కదా" అని తిట్టుకుంటూ లేచింది. మామ్మ గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

అప్పటి నుంచి పరీక్ష దాకా ఒక్క రోజూ మానలేదు. మొదటి వారం ఆమె పేపరు మీదే తల వాల్చేసేది. చెంపలు తట్టేదాన్ని, నడిపించేదాన్ని, ఉప్పు జల్లిన జామకాయ ముక్కలు నోట్లో పెట్టేదాన్ని. రెండో వారానికి నిలబడింది. మూడో వారంలో నన్ను దాటేసింది. నాకు రెండు నెలలు పట్టిన పని ఆమెకి పద్దెనిమిది రోజుల్లో అయిపోయింది. పేపర్లు ఒకరివి ఒకరం దిద్దుకునేవాళ్ళం. ఆమె సరిగ్గా రాసిన జవాబు పక్కన టిక్కు పెట్టేటప్పుడు నా పెన్ను ఎంత గట్టిగా నొక్కుకునేదంటే, వెనక పేజీ మీద కూడా గుర్తు పడేది. "నువ్వు లేకపోతే నా గతేంటే" అని ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసేది. ఆ చేతులు తీసేయాలనిపించేది.

పరీక్ష డిసెంబరులో, ఒక ఆదివారం. పొద్దున చర్చిలో అయ్యగారు మామూలుగానే ఆమె కోసం ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నాక, వెనక వరసలోంచి మామ్మ లేచి "ఇద్దరు, అయ్యగారూ. ఎదురింటి పిల్ల కూడా రాస్తంది" అంది. తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను అన్నాళ్ళు భయపడ్డది అదే. ఎవరూ నవ్వలేదు. అయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకుని నా కోసం మొదలుపెట్టారు. తన పేరు కంటే గట్టిగా నా పేరుకి ఆమేన్ అన్నది ఎదురింటి అమ్మాయే.

ఆమెకి సీటు వచ్చింది, దూరంగా దక్షిణాదిన ఒక పెద్ద లా యూనివర్సిటీలో. నాకు రాలేదు. మార్కుల్లో మరీ ఎక్కువ తేడా కూడా కాదు. సీటు వచ్చిన రోజు వాళ్ళమ్మ కొత్త ఖర్జూర బెల్లంతో చేసే నోలెన్ గుడ్ సందేశ్ మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చింది. "నువ్వు రోజూ ఎండలో వచ్చి లేపబట్టే తల్లీ" అంటూ నా నోట్లో ఒకటి పెట్టింది. కొత్త బెల్లం వాసన ఈనాటికీ నాకు నచ్చదు.

నేను బి.ఏ. పూర్తిచేసి, రైల్వే పరీక్షలు వద్దని మొదటిసారి నాన్నతో వాదించి గెలిచి, కలకత్తాలోనే మూడేళ్ళ లా కోర్సులో చేరాను. ఆమెకి అక్కడ మూడో ఏడు. మూట్ కోర్టు అనే నమూనా వాదనల పోటీలో కప్పు పట్టుకున్న ఫొటో పంపితే చప్పట్ల బొమ్మలు పంపుతాను, తర్వాత ఫోను బోర్లా పెడతాను. మామ్మకి చూపు బాగా తగ్గింది. సెలవు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి బైబిలు చదివి వినిపిస్తాను. ఆ అలవాటు పోలేదు.

మొన్న బైబిలుకి బదులు ఇది తీసుకెళ్ళాను, ఇప్పటిదాకా మీరు చదివినది. అంతా విని మామ్మ అడిగింది.

"దానికి తెలుగు సదవడం రాదు గదా. అందుకా తెలుగులో రాసావు?"

"డైరీ ఎప్పుడూ తెలుగే కదా మామ్మా."

"ఇంకా ఉందా కుళ్ళు?"

"ఉంది."

"ఉండనీ. నాకిది తెలిసిందే, నాకెందుకు సదవడం? ఫోను కలుపు."

కలిపాను. చాలాసేపు మోగింది.

"ఊఁ... ఏంటే, మంచి నిద్రలో ఉన్నాను" అంది. అక్కడా రెండే కదా.

"ఆ టైంటేబుల్లో ఒక గడి నేను కావాలని తప్పు రాశాను" అన్నాను. తర్వాత మిగతాది చెప్పాను. సంజాయిషీ కాగితంలా వరసగా, ఏదీ వదలకుండా.

అటు పక్క ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"అయితే రోజూ వచ్చి లేపింది?"

"మామ్మ రమ్మంది."

"నేను... నా మీద ఇష్టంతో అనుకున్నానే."

ఫోను పెట్టేసింది.

"ఏటంది?" అంది మామ్మ.

"పెట్టేసింది."

మామ్మ గోడకి జారబడింది. "మల్లీ సేస్తాది. నిద్దర పోయింది గదా దానికి."

నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాలనీ అంతా నిద్రపోతోంది.