అయిదు ముళ్ళ వైరు

మా మామయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను కారు కింద వెల్లకిలా పడుకుని ఆయన్నే తిట్టుకుంటున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ పోయినవాళ్ళ గురించి మంచే రాయాలని కూర్చుంటే ఆయన గురించి ఒక్క నిజమూ రాయలేను. పొద్దున్న ఎనిమిదయింది. పైనుంచి వేలాడుతున్న నల్లవైర్లలో ఏది ఎక్కడికి పోతుందో తెలియక "ఈ ముసలాయన నా ప్రాణం తోడేస్తున్నాడు" అని పైకే అన్నాను. అప్పుడే ఫోను మోగింది. మా మేనత్త. "కాఫీ చల్లారిపోయిందిరా, మీ మామయ్య లేవట్లేదు" అంది. చేతులకి గ్రీజుతోనే పరిగెత్తాను. నేను వెళ్ళేసరికే అంతా అయిపోయింది.

ఆయన మా నాన్న చెల్లెలి భర్త. మా ఊరు తిరువూరులోనే బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి బస్సుల మధ్య బతికాడేమో, ఆయనకి బస్సు భాషే ఒంటబట్టింది. భోజనం దగ్గర చాలనడానికి కంచం పక్కన వేలితో ఒక్కసారి తట్టేవాడు. ఇంకాస్త వడ్డించమంటే రెండుసార్లు. కండక్టరు ఒక్క గంట కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే కదలాలి, ఆ లెక్కన్నమాట. మా అత్తకి కూడా ఆ భాష వచ్చేసింది. నేను కొట్లో ఎవరిమీదైనా అరుస్తుంటే కౌంటరు మీద ఒక్క తట్టు తట్టేవాడు. నేను ఆగేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.

నాకు బస్టాండు రోడ్డులో రంగులూ ఇనుప సామానూ అమ్మే కొట్టుంది. కొట్టు వెనక గోడౌనులో మా నాన్న అంబాసిడర్ కారు సున్నం బస్తాల పక్కన ఏళ్ళ తరబడి పడి ఉంది. మా అత్త పెళ్ళికి కొన్నాళ్ళ ముందే నాన్న దాన్ని కొన్నాడు. అప్పగింతలయ్యాక ఆవిడ వినగడప నుంచి కాపురానికి వచ్చింది అందులోనే. నాన్న పోయాక పట్టించుకున్నవాళ్ళు లేక పెట్రోలు ఇంజను బిగుసుకుపోయింది. కిందటేడు నాకు బుద్ధి పుట్టి, బెజవాడ ఆటోనగర్లో ఒక డీజిల్ ఇంజను చూసి తెచ్చాను. పాతది దింపి, కొత్తది కూర్చోవడానికి వీలుగా వెల్డింగు చేసి బిగించడానికి మెకానిక్కి ఆరు రోజులు పట్టింది. "వైరింగు నేను చూస్తాలే అల్లుడూ" అన్నాడు మామయ్య. ఆ వైరింగుకి పదకొండు నెలలు పట్టింది. అప్పటికీ పూర్తి కాలేదు.

మొదటి తగువు దారి దగ్గరే వచ్చింది. పాత వైర్లు పోయే చోటే కొత్త ఇంజను సైలెన్సరు గొట్టం దిగింది. వేడి తగలకుండా ఏదైనా తొడుగు వేసి వదిలేద్దామన్నాను. ఆయన వినలేదు. ఒక్క వైరూ మిగల్చకుండా పీకి నేలమీద పోగేశాడు. అవతలి పక్క నుంచి, బ్యాటరీ వెనకగా కొత్త దారి వెయ్యాలన్నాడు. దానికో బెజ్జం, బెజ్జం అంచుకి వైరు రాసుకోకుండా ఒక రబ్బరు, ఆ రబ్బరు ఆయనకి నచ్చడానికి రెండు వారాలు. పెట్రోలు ఇంజను వైర్లు డీజిలుకి పనికిరావు కాబట్టి ఒక్కోదానికీ ఒక్కో పేచీ. "వైరు కనపడకూడదురా. వెతికితే దొరకాలి" అనేవాడు. నాకు కనపడడమూ దొరకడమూ కాదు, కారు కదలడం కావాలి.

"నిదానమే ప్రధానం అల్లుడూ."

"ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దవాళ్ళే అన్నారు మామయ్యా."

"ఆ మాట అన్నవాడు బస్సు నడిపి ఉండడు."

రోజూ పదింటికి వచ్చేవాడు. చొక్కా జేబులో చేతిరుమాలులో చుట్టిన టెస్టు బల్బు. వైరులో కరెంటు ఉందో లేదో దానితో చూసేవాడు. ఇంకో జేబులో మా అత్త మల్లెపూలు కట్టుకునే తెల్లదారం. ఒక వైరు వేసి, దాని రెండు కొసలకీ ఆ దారం ముళ్ళు కట్టి, ముడి విడిపోకుండా నా కొట్లోంచి తెచ్చిన వార్నిష్ కాస్త రాసి, అది ఆరేదాకా టీ తాగేవాడు. సాసర్లో పోసుకుని, ఊది, సగం తాగి, మిగతా సగం వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను కొట్లోంచి నాలుగుసార్లు తొంగిచూసినా ఆయన అదే భంగిమలో ఉండేవాడు. ఒళ్ళు మండిపోయేది.

నేనేమో ఏడు రంగుల వైరు చుట్టలు తెచ్చి ముందు పెట్టాను. ఎర్రది హారనుకి, పచ్చది ఇండికేటరుకి, అలా. లోకమంతా చేసే పనే కదా. ఆయన వాటిని ముట్టుకోలేదు. అన్నీ నల్లవైర్లే వేశాడు. వైరు ఏమిటో ముడిని బట్టి తెలియాలట. డిపోలో పనిలో చేరినప్పటి నుంచీ అలాగే చేశాడట. "రంగు రెండేళ్ళలో నూనె పట్టి నల్లబడుద్ది. అప్పుడు అన్నీ ఒకటే. కళ్ళు పోలేని చోట వేళ్ళు లెక్కపెడతయ్యి" అన్నాడు. ఎన్ని ముళ్ళయితే ఏ వైరో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడిగితే ఇంకో అరగంట పోతుందని నా భయం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఎన్నిసార్లు రాసి కొట్టేశానో నాకే తెలుసు.

వేసవిలో ఆయనకి గుండెలో నొప్పి వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికి వైర్లన్నీ వేసేశాడు, కలపడమే మిగిలింది. పాత కార్ల మీద మోజున్న నలుగురం ఫోనులో ఫోటోలు పంపుకుంటూ ఉంటాం. బానెట్టు ఎత్తి ఫోటో తీద్దునా, వైరువైరుకీ తెల్లదారం ముళ్ళు. నోముల తోరాలు కట్టినట్టుంది. కొట్లో డబ్బాలన్నీ వరస తప్పకుండా పేర్చుకునేవాణ్ణి, నాకది చూస్తే కంపరం. ఒక మధ్యాహ్నం బ్లేడు తీసుకుని ముళ్ళన్నీ కోసేసి, వైర్లని కట్టలు కట్టి, నల్లటేపు చుట్టేశాను. మూడు గంటల పని. ఎంత అందంగా ఉందో! అందరూ మెచ్చుకున్నారు. ఆసుపత్రికి వెళ్ళి ఆయనకీ చూపించాను, గొప్పగా.

ఆయన ఫోను కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బాగుందిరా. అందంగా ఉంది" అన్నాడు. అంతే. తిట్టొచ్చు కదా! నన్ను తిట్టే హక్కు ఉన్నవాడు, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చిన నాలుగో రోజున గోడౌనుకి వచ్చి, నేను చుట్టిన టేపంతా విప్పి, టెస్టు బల్బు పెట్టుకుని మొదటి వైరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడైనా నాకు తెలిసిరావాలి. తెలిసింది కూడా. తెలిసిన కొద్దీ చిరాకు ఎక్కువైంది. మన తప్పు ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే ఎవరికైనా అంతే.

పోవడానికి మూడు రోజుల ముందు గట్టిగానే అనేశాను. "ఇంకెన్నాళ్ళు మామయ్యా? నీవల్ల కాకపోతే చెప్పు, బెజవాడ నుంచి ఎవణ్ణయినా పిలుస్తా." ఆయన కారు వెనక సీటులో వంగి ఏదో చేసుకుంటున్నాడు. తల ఎత్తకుండా తలుపు మీద ఒక్క తట్టు తట్టాడు. ఆగు అని. "నువ్వు డ్రైవింగులోనూ ఇంతే. వెనక కూర్చున్నవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినవు" అన్నాడు. మా మధ్య చివరి మాటలు అవే. క్షమించమని ఒక్క మాట అనడానికి మూడు రోజులున్నాయి నాకు. కొట్టు తీశాను, కట్టేశాను, తీశాను, కట్టేశాను.

వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన అన్నగారి కొడుకు కర్మ చేశాడు. మా వైపు పెద్దకర్మ అయ్యాక భర్త పోయినావిడని పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళి ఒక నిద్ర చేయిస్తారు. అత్త పుట్టిల్లంటే వినగడపలో మా బాబాయి ఇల్లు. తీసుకెళ్ళాల్సింది మేనల్లుణ్ణి నేను. ఏ కారు మాట్లాడమంటావని అడిగితే, అత్త అటు తిరిగి కూర్చుని, "వచ్చిన కారులోనే వెళ్తాను. ఆయన అదే అన్నారు, నన్ను అందులో ఓసారి పుట్టింటికి తీసుకెళ్ళాలని" అంది. అందుకా ఆ పదకొండు నెలలూ! నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఆ పూటంతా కోపం తగ్గలేదు నాకు.

పెద్దకర్మకి ఇక ఏడు రోజులుంది. బెజవాడ నుంచి కార్ల వైరింగు బాగా తెలిసినతన్ని పిలిపించాను. అతను చూసి తల అడ్డంగా ఊపాడు. "అన్నీ ఒకటే రంగండి. సగానికి దారం ముళ్ళున్నయ్యి, సగానికి లేవు. ఇదంతా పీకేసి కొత్తది వేద్దామండి, రెండు రోజుల పని" అన్నాడు. అతను చెప్పింది తప్పేమీ కాదు. పదకొండు నెలలుగా నేను కోరుకున్నదీ అదే. కానీ అతను కటింగుప్లేరు తీసి మొదటి వైరు పట్టుకోగానే, "ఉండండి ఉండండి" అని అరిచాను. టీ ఇప్పించి పంపేశాను.

అత్త దగ్గరికి వెళ్ళి, జరిగిందంతా చెప్పాను. బ్లేడు సంగతితో సహా. ఆవిడ విని, "తెలుసు, ఆయన చెప్పారు" అంది. "ముళ్ళన్నీ వేసింది నేనేరా. ఆయనకి వేళ్ళు తిమ్మిరెక్కి చిన్న ముడి పడేది కాదు. ఇంటి దగ్గర దారం ముక్కలకి నాచేత వేయించుకుని వెళ్ళి అక్కడ కట్టేవారు. వారం పాటు మళ్ళీ అవే ముళ్ళు వేయించారు నాచేత. ఎందుకని అడిగితే, అల్లుడు తొందరపడ్డాడులే అన్నారు."

ముళ్ళ లెక్క కూడా ఆవిడే చెప్పింది. ఒకటి హారను. రెండు పెద్దలైట్లు. మూడు ఇండికేటర్లు. నాలుగు ఇంజనువి. "అయిదు ముళ్ళవి రెండే వేయించుకున్నారు, ఆసుపత్రి నుంచి వచ్చాక. అదేమిటో నాకూ చెప్పలేదు" అంటూ దారం ఉండ నా చేతిలో పెట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆరు రోజులు కొట్టు సగం పూటే తీశాను. ఆయన కట్టినవాటిని లెక్క ప్రకారం కలిపాను. నేను కోసేసినవాటిని టెస్టు బల్బుతో ఒక్కొక్కటే వెతికాను. దొరికినప్పుడల్లా ముడి వేశాను, వార్నిష్ రాశాను, ఆరేదాకా కూర్చున్నాను. ముడి విడిపోయేది. బూతులు తిట్టేవాణ్ణి. మళ్ళీ వేసేవాణ్ణి. అయిదు ముళ్ళ వైరు వెనక సీటు కిందనుంచి బయల్దేరి, నేలమీది చాప కిందగా వచ్చి, డాష్‌బోర్డు వెనక ఒక నల్ల డబ్బాలోకి పోతోంది. ఎందుకో తెలియలేదు. పీకడానికి చెయ్యి రాలేదు. మిగతావాటితో పాటు దానికీ కరెంటు కలిపాను. ఏడో రోజు పొద్దున్న తాళం తిప్పితే ఇంజను పట్టుకుంది. మెచ్చుకోవడానికి పక్కన ఎవరూ లేకపోతే అదేం సంతోషమో.

పెద్దకర్మ మర్నాడు అత్తని వెనక సీటులో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఊరు దాటాక మామిడి తోటల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. ఇంజను చక్కగా పోతోంది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? నా కాలు ఆక్సిలరేటరు మీద బరువైంది. "ఒరేయ్, నెమ్మది" అని వెనకనుంచి వినపడింది. "ఏం కాదు అత్తా" అన్నాను.

అప్పుడు నా మోకాళ్ళ దగ్గర, డాష్‌బోర్డు వెనక, బస్సులో మోగినట్టే ఖణేల్‌మని ఒక్క గంట మోగింది.

నా ప్రమేయం లేకుండానే కాలు బ్రేకు మీదకి పోయింది. కారు రోడ్డు పక్కన ఆగింది. వెనక్కి తిరిగాను. అత్త ఎడంచేత్తో సీటు అంచు గట్టిగా పట్టుకుని బిక్కచచ్చిపోయి ఉంది. భయం వేస్తే ఆవిడ ఎప్పుడూ అలాగే, అక్కడే పట్టుకుంటుంది. "నేనేం చెయ్యలేదురా. ఇక్కడ ఏదో ఉంది" అంది. దిగి వెళ్ళి చూశాను. సీటు అంచుకి అడుగున, సరిగ్గా ఆవిడ వేళ్ళు పడే చోట, ఒక మీట ఉంది. కనపడదు. వెతికితే దొరుకుతుంది.

నేను వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వెనక అత్త ముక్కు తుడుచుకుంటున్న చప్పుడు. చెయ్యి మాత్రం అక్కడినుంచి తియ్యలేదనుకుంటాను.

తర్వాత గంట రెండుసార్లు మోగింది. నేను గేరు వేశాను.