ఢిల్లీ గోలీలు

హైటెక్ సిటీ భవనం లేస్తున్న రోజుల్లో, మా బస్తీ దవాఖాన నర్సమ్మ ఎవరితో మాట్లాడినా ముందు మణికట్టు పట్టుకునేది. జ్వరం లేకున్నా సరే.

మా అమ్మకు క్షయ. మందులు సగం కేంద్రం, సగం రాష్ట్రం పంపాలి. ఆ నెల ఢిల్లీ గోలీలే వచ్చాయి.

"రాష్ట్రానివి రాలేదక్కా. ఒక్క రకమే మింగితే రోగం మొండికేస్తది. ఇయ్యలేను" అంది నర్సమ్మ, అమ్మ మణికట్టు వదలకుండానే.

"బయట కొనే తాకత్ లేదమ్మా. వాళ్లిద్దరి పంచాయితీ తెగేదాకా నేనుంటనా? ఆ సగమన్న ఇయ్యి. సగం పానమన్న దక్కనీ" అంది అమ్మ.



నర్సమ్మ గోలీల డబ్బా అల్మారాలో పెట్టి తాళమేసింది. తాళంచెవి అమ్మ పక్కన నిలబడ్డ నా గుప్పిట్లో పెట్టి మూసింది.

"నీ దగ్గరుంచు బిడ్డా. మీ అమ్మ ఇంకోసారి అడిగితే నేను ఇచ్చేస్త."