అమ్మ ఎంచిన క్యారియరు

నాన్న ఎండలో సైకిలు తొక్కి, క్యారియరు మీద జీన్సు మూటలు మోసి మమ్మల్ని చదివించాడని మా తమ్ముడు చెప్పే కథ అబద్ధం. నాన్న మంచివాడు కాదని నేననడం లేదు. మంచివాడే, మూటలు మాత్రం మోయలేదు. మొన్న ఆదివారం గాంధీనగర్‌లో మా ఇంటికొచ్చిన తమ్ముడు, మోకాళ్ల నొప్పులకు మంచిదని నేను కొత్తగా కొనుక్కున్న సైకిలును వరండాలో చూశాడు. కొత్త రబ్బరు వాసన ఇంకా పోని ఆ సైకిలుకు క్యారియరే లేదని నవ్వాడు. నవ్వి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కథ మళ్లీ ఎత్తుకున్నాడు. పక్కనే ఉన్న అమ్మ ఎప్పటిలాగే తలూపింది. అదంతా జరిగినప్పుడు వాడికి ఐదేళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోవడం రానివాడికి ఎవరేం మోశారో గుర్తుందట! నాకు పదమూడేళ్లు. కాబట్టి నేను చెప్పేది వినండి.

అప్పట్లో మా వీధి పొడవునా కుట్టుమిషన్లే. తెల్లవారి బొరుగుల వగ్గాణి తిరగమోత వాసన, మిరపకాయ బజ్జీల నూనె వాసన ఇంకా గాల్లో ఉండగానే, వాటిలోకి గంజి పెట్టిన కొత్త జీన్సు గుడ్డ వాసన వచ్చి కలిసేది. ఆడవాళ్ల వేళ్లన్నీ నీలంగా ఉండేవి. ఉగాది రోజు చింతపండుతో ఎంత తోమినా గోళ్ల మూలల్లో ఆ నీలం వదిలేది కాదు, మా అవ్వ పూర్ణం పెట్టి ఓళిగలు తట్టే పనికి వాళ్లను దగ్గరికి రానిచ్చేది కాదు. పిల్లలం పేలికలు చుట్టి, దారంతో బిగించి, బంతి చేసుకుని ఆడుకునేవాళ్లం. అన్నిటి మీదా ఎర్ర దుమ్ము ఉండేది. సండూరు కొండల నుంచి ఖనిజం మోసుకొచ్చే లారీలు రోడ్డు మీద పోతుంటే, తీగ మీది తెల్ల పంచె సాయంత్రానికి కుంకుమ నీళ్లలో ముంచినట్టయ్యేది.

ఆ వీధిలో మా అమ్మ మూడేళ్లుగా జేబులు కుట్టేది. జేబులు మాత్రమే. గుడ్డను ముక్కలుగా కోసే కటింగ్ మాస్టరు దుకాణం ఊరికి ఆ చివర. అక్కణ్నుంచి మూటలు తెప్పించే పక్కింటి సరోజక్క, ప్యాంట్లు తను ఉంచుకుని జేబుల ముక్కలు అమ్మకు ఇచ్చేది. "నీకు జేబులైతేనే చేయి తిరుగుతాదిలేమ్మే" అనేది, అదేదో పొగడ్తన్నట్టు. అమ్మకేమో నడుం పట్టీ నుంచి కాళ్ల అంచు దాకా మొత్తం ప్యాంటు తన మిషను మీద తయారుకావాలని కోరిక. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని నేరుగా మాస్టరు దగ్గరికే పోయింది.

"ఇస్తానక్కా, నాకేం? మూట నువ్వే తీస్కపో, నువ్వే తెచ్చియ్యి. మరక పడిందంటే మాత్రం వాపస్" అన్నాడు మాస్టరు.

మూటను నడిచి మోయలేం. నాన్న దోణిమలై గనికి తెల్లవారుజామున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ఆయన సైకిలు పగలంతా గోడకానుకుని ఖాళీగా ఉండేది, దానికి క్యారియరు లేదు. ఆ ఆదివారం అందరం సైకిలు షాపుకు పోయాం. మేకుకు రెండు రకాలు వేలాడుతున్నాయి. ఒకటి తళతళలాడే సన్నది, పైన స్ప్రింగు పట్టీ ఉన్నది, టిఫిను డబ్బాకు సరిపోయేది. నాన్న చేయి దాని మీదికే పోయింది. రెండోది నల్లది, వేలి లావు చువ్వలు, చక్రం ఇరుసు దాకా దిగి బిగుసుకునే నాలుగు కాళ్లు.

"ఏమప్పా, ఈ నల్లది ఎంత మోస్తాది?" అని అమ్మ షాపతన్ని అడిగింది.

"రెండు పాల క్యాన్లు మోస్తాదక్కా."

"పాలాయన సైకిలు మాదిరి ఉంటాదిమే" అన్నాడు నాన్న గొంతు తగ్గించి.

"ఉండనీ. పాలాయన ఇంట్లో అన్నం వండుకోరా?" అని, అమ్మ ఆ క్యారియరును అక్కడికక్కడే సైకిలుకు బిగించమంది. సైకిలు స్టాండు వేయించి, కొంగు నడుముకు చుట్టి, బజారు మధ్యలో ఎక్కి దాని మీద కూర్చుంది. అటూ ఇటూ ఊగింది. నాన్న ఎదురుగా ఉన్న మందుల దుకాణం బోర్డును పరీక్షకు చదువుతున్నట్టు చదివాడు. చువ్వలు కిర్రుమనలేదు. "ఇదే ఇయ్యప్పా" అంది అమ్మ దిగుతూ.

పేలికలు అతికి అమ్మే ఒక జంట సంచి కుట్టింది. క్యారియరు మీద అడ్డంగా వేస్తే గాడిద మీది గోనెల్లా రెండు పక్కలా వేలాడేది. నాన్న చుట్టూ తిరిగి చూసి, "ఇంగ దీనికి ఇంత గడ్డేస్తే సరిపోతాది" అన్నాడు. సాయంత్రం స్నేహితుల దగ్గరికి పోయేముందు ఆ సంచిని తీసి మూలన పడేసి మరీ పోయేవాడు. మోసే పని నాది. సీటు అందదు కాబట్టి బారు కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు వేలాడుతూ అర తొక్కుడు తొక్కేదాన్ని.

రెండో వారమే పడ్డాను. జల్లు పడి వెలిసింది, లారీల గాడుల్లో ఎర్ర నీళ్లు నిలిచాయి. మలుపులో సంచి ఊగి, కింది మూల చక్రం పుల్లల్లోకి పోయింది. చక్రం ఆగిపోయింది, నేనూ మూటా బురదలో పడ్డాం. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ ముందు మూటను చూసింది, తర్వాత నా మోకాలిని చూసింది. దీని మీద నాకిప్పటికీ ఫిర్యాదుంది. తడి మట్టిని రుద్దకుండా ముక్కలన్నీ బండల మీద ఆరబెట్టి, ఎండాక బ్రష్షుతో దులిపింది. రెండు కాళ్ల ముక్కలకు మాత్రం మరక పోలేదు. సరోజక్క గోడ మీంచి చూసి, "జేబులైతే ఈ బాధ లేదు గదమ్మే" అంది.

మర్నాడు అమ్మ ఆ రెండు ముక్కల్ని తనే మాస్టరు ముందు పరిచింది.

"ఏందక్కా, ఎర్ర ప్యాంట్లు కుడతాండావా?"

"ఈ రెండూ చెడినాయప్పా. దాచిపెట్టి కుట్టేదాన్నయితే నీకు చూపిస్తానా?"

మాస్టరు ఆ ముక్కల్ని తిప్పి చూసి పక్కన పడేశాడు. "సరే, ఇంకొక్క తూరి. మళ్లా మట్టి కనపడితే జేబులే నీకు."

ఇంటికొచ్చి అమ్మ ఆ సంచిని కుట్లు కుట్లుగా విప్పేసింది. వారం రోజులు పట్టింది రెండోదానికి. లోపల వెదురు బద్దలు పెట్టింది, పక్కలు ఊగకుండా. లావు తీగ వంచి కొక్కేలు చేసింది, చువ్వలకు తగిలించడానికి. పాత ట్యూబు చీల్చి సంచి అడుగును ఇరుసు దగ్గరి కాలికి బిగించింది. పైన దుమ్ము దూరకుండా వెడల్పాటి మూత పెట్టింది. ఆ సంచితో నేను రెండేళ్లు తిరిగాను, ఒక్క ముక్కకు మరక పడలేదు. అమ్మ మొదటి ప్యాంటు కుట్టి తలకిందులుగా పట్టుకుని, విదిలించి, ఎవరికీ చూపించకుండా మడిచిపెట్టింది. సరోజక్క జేబులు కుట్టడానికి ఇంకెవరినో చూసుకుంది.

తమ్ముడి కథ విన్న మర్నాడు సైకిలు షాపుకు పోయాను. సీటు కింది గొట్టానికి బిగించే సన్నటి క్యారియరు అందంగా ఉంటుందన్నాడు షాపతను. ఇరుసు దాకా కాళ్లున్నదే కావాలని వాదించి తీసుకున్నాను. పక్కకు తగిలించే సంచి చూపిస్తూ, "ముందు మూల ఏటవాలుగా ఎందుకు కోసినారో తెల్సా మేడం? సీటు మీద కూచొని తొక్కేటప్పుడు మడమ తగలకుండా" అన్నాడు.

అమ్మ రెండో సంచికీ అచ్చం ఆ కోత ఉండేది. గుడ్డ దండగెందుకని అప్పుడు నేనడిగితే, "అందానికిలే" అంది. బరువు మోసే వస్తువుకు అందం చూసే మనిషి కాదు మా అమ్మ.

ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "అమ్మా, నువ్వు సైకిలు తొక్కినావా?" అన్నాను.

"ఏందే నీ లాయరు ప్రశ్నలు! ఎవురు తొక్కితే ఏమిప్పుడు? ప్యాంట్లు కుట్టినామా లేదా?"

"మరి వాడు నాన్న పేరు చెప్తాంటే తలూపుతావే?"

"చెప్పుకోనీ, వానికి సంతోషం. సాకు, సాకు, ఇంగ చాలు. ఆ గిన్నె ఇటియ్యి."

ఇంకెవరిని అడగను? నాన్న, సరోజక్క ఇద్దరూ పోయారు. మాస్టరు దుకాణంలో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. మిషన్లు పెద్ద పెద్ద షెడ్లలోకి తరలిపోయాయి, మా పాత వీధిలో పగలు టీవీల చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు. తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె చిక్కుడుకాయల మీంచి తలెత్తదు. అయినా అడుగుతూనే ఉంటాను. సీటు అందక ఒక పక్కకు వేలాడిన నా మడమ ఆ సంచి దాకా పోయేది కాదు. నాన్న ఆ సంచి పెట్టుకుని ఒక్కరోజూ తొక్కలేదు. మేం బడిలో, ఆయన గనిలో ఉన్న ఆ పగళ్లలో, సీటెక్కి తొక్కి, మడమ ఎక్కడ తగులుతుందో చూసుకున్నదెవరమ్మా?